తొమ్మిదిన్నర అడుగుల పాలకూర

అయ్యా దీపాల కమిటీ పెద్దలారా, దొంగలు మీరే. ఎనభై ఆరుమంది ఆడపిల్లల కంచాల్లోంచి పాలకూర ఎత్తుకుపోయింది మీరే. పురుగు తినలేదు, మేక మేయలేదు, కోతి పీకలేదు. మీరే, కళ్ళజోళ్ళు తుడుచుకుని, టీ తాగి, చక్కగా సంతకాలు పెట్టి మరీ ఎత్తుకుపోయారు. దొంగతనం చేసి దానికి మినిట్స్ కూడా రాసుకున్న దొంగల్ని ఈ బొగ్గుగనుల సీమలో ఇంతకుముందు ఎవరూ చూడలేదు.

మీది చెడ్డబుద్ధి అని ఎవరూ అనడం లేదు. చెడ్డబుద్ధయితే బాగుండేది. చెడ్డవాణ్ణి రోడ్డు మీద ఆపి నాలుగు తిట్టొచ్చు. మీరు మంచివాళ్ళు. మంచివాళ్ళు నలుగురు కమిటీగా కూర్చుంటే ఏమవుతుందో నల్లబండ బాలికల హాస్టల్ వంటమనిషి దుర్గం పోసక్కని అడగండి.

నల్లబండలో తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర మడతపెట్టుకోవాలి. ఊరికి కోసెడు దూరంలో ఓపెన్‌కాస్ట్ గని. మధ్యాహ్నం రెండింటికి బాంబు పేలుతుంది, కిటికీలు గజగజలాడతాయి, ఆ వెనకే నల్లటి దుమ్ము మెల్లగా, తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చి అన్నిటి మీదా కూర్చుంటుంది. హాస్టల్ వెనక పోసక్క ఎన్నోసార్లు ఆకుకూర పోసింది. నాలుగు నీళ్ళలో కడిగినా పప్పులో కరకరమనేది. బజారుకి వచ్చే కూర ఎక్కడినుంచో ఆటోలో వేలాడుతూ వచ్చేసరికి ముసలిదైపోయేది. హాస్టల్‌కి సరుకులు వేసే ఆయనకి తెలిసిన కూరగాయలు రెండే: ఆలుగడ్డ, క్యాబేజీ. ఏటా నర్సమ్మ వచ్చి పిల్లల వేళ్ళు పొడిచి, చుక్క రక్తం తీసి, ఒకటే మాట చెప్పి పోయేది: "రక్తం తక్కువున్నది, ఆకుకూర పెట్టున్రి."

పెట్టమని చెప్పేవాళ్ళకి ఎక్కడినుంచి పెట్టాలో చెప్పే పని ఉండదు.

అలాంటప్పుడు వ్యవసాయ కేంద్రంలో మూడురోజుల శిక్షణ పెట్టారు: మట్టి లేకుండా, నీళ్ళల్లో కూరలు పెంచడం. హాస్టల్‌కి ఒకరు రావాలన్నారు. ఎవరూ పోకపోతే వార్డెన్ వనజ మేడం పోసక్కని పంపింది. మిగతావాళ్ళంతా భోజనానికి వెళ్ళారు. పోసక్క భోజనం వేళ కూడా తొట్ల దగ్గరే నిలబడి వేళ్ళతో వేర్లు తడిమి చూసింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. రాసుకోలేదు, గుర్తుపెట్టుకుంది.

తిరిగొచ్చి కిటికీల్లేని స్టోర్ రూము అడిగింది. దుమ్ము దూరని గది హాస్టల్ మొత్తంలో అదొక్కటే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్లు పన్నెండు, వాటి మీద చిల్లులు పెట్టిన థర్మాకోల్ రేకులు, చిల్లుల్లో కొబ్బరిపీచు, పీచులో విత్తనం. కింద ఎరువుమందు కలిపిన నీళ్ళు. అంతా అయింది. ఇక వెలుతురు.

ఏ దీపం పెట్టాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొక్కలే చెప్పాయి. మొదట పెద్ద బల్బు పెట్టింది. పాలకూర అంచులు కాలిన అప్పడంలా ముడుచుకున్నాయి. వేడి పనికిరాదన్నమాట. తర్వాత పాత లావుపాటి పసుపు ట్యూబు పెట్టింది. మొక్కలు లేచాయి గానీ కాడలు దారాల్లా సాగి, తలలు వాల్చేశాయి. ఆ వెలుతురు చాలడం లేదన్నమాట. చివరికి అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. వరండాలకి కొత్తరకం దీపాలు బిగించినప్పుడు మిగిలిపోయిన సన్నటి తెల్ల ట్యూబులు. వేస్తే మబ్బుపట్టిన పగలులాంటి తెల్లటి వెలుతురు. బట్టల తాడుతో ఒక్కో తొట్టి మీద రెండేసి ట్యూబులు వేలాడదీసింది. ఆకులకి గొడుగు పట్టినట్టు దగ్గరగా దించింది. కింద అరచెయ్యి పెట్టి చూసింది. చెయ్యి కాలలేదు. మొక్క ఎదిగినకొద్దీ తాడు కొంచెం కొంచెం పైకి లాగేది. పొద్దున అయిదుకి వేసి సాయంత్రం ఏడుకి ఆర్పేది. మొక్క కూడా నిద్రపోవాలి కదా.

నెల తిరక్కుండా అరచెయ్యంత ఆకు. సోమవారం, గురువారం పాలకూర పప్పు. మధ్యలో ఒకరోజు మెంతికూర. ఆ ఏడు నర్సమ్మ పిల్లల వేళ్ళు పొడిచి చూసి, నమ్మకం కుదరక మళ్ళీ పొడిచింది.

"ఏం పెడుతున్నవ్ పోసక్కా?"

"ఆకు పెడుతున్న. నువ్వే జెప్తివి గదనే."

కథ ఇక్కడ ఆగిపోతే ఎవరినీ తిట్టే పని ఉండేది కాదు. ఆగలేదు. మంచిపని జరుగుతోందని ఆఫీసుకి తెలిసింది.

వసతిగృహాల శాఖ డిప్యూటీ డైరెక్టర్ నరహరిగారు ఉత్సాహవంతులు. రెండేళ్ళ కిందట ఆయనకి ధ్యానం మీద ఉత్సాహం వచ్చింది, హాస్టల్ పిల్లలు పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చుని అక్కడే నిద్రపోయారు. కిందటేడు వానపాముల మీద వచ్చింది, అవి ఇప్పటికీ ఎక్కడున్నాయో తెలీదు. ఈ ఏడు నీటిసేద్యం. కారు దిగి నేరుగా స్టోర్ రూములోకి వచ్చి, పన్నెండు తొట్ల పచ్చదనం చూసి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకున్నారు.

"అద్భుతం! మట్టి లేదు, ఎండ లేదు, వాన లేదు! మన శాఖ లేకుండా ఇది సాధ్యమయ్యేదా?"

"వంటామె కూడా ఉన్నది సార్," అంది వనజ మేడం, నెమ్మదిగా.

"ఆమెను అభినందించండి," అన్నారు నరహరిగారు, ఎవరితోనో.

ఆయన వెనకాలే సీనియర్ అసిస్టెంట్ ప్రభంజనంగారు వచ్చారు. ఆయన దగ్గర నిబంధనల పుస్తకం ఉండదు. మింగేశారు. ఆకుని చూద్దామని వంగబోయి ట్యూబుకి నుదురు కొట్టుకుని, లేచి, జేబులోంచి టేపు తీసి కొలిచి, గంభీరంగా ప్రకటించారు.

"సార్, ఈ దీపం నా బొడ్డు ఎత్తున ఉన్నది."

టేపు టక్కున చుట్టుకుంది.

"ప్రభుత్వ భవనముల యందు దీపము నేలమట్టము నుండి తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున అమర్చబడవలెను. దీపం ఉద్యోగి తలకు పైన ఉండాలి సార్. బొడ్డు దగ్గర ఉంటే అది దీపం కాదు, ఉల్లంఘన."

"ఎందుకట్ల సారూ?" అంది పోసక్క.

ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ప్రభంజనంగారిని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన చాలాసేపు కడుపులో వెతుక్కున్నారు.

"ఎందుకు అన్నది నిబంధనలో లేదమ్మా."

నరహరిగారు చిన్నబుచ్చుకోలేదు. ఉత్సాహవంతులు చిన్నబుచ్చుకోరు. "దీన్ని జిల్లా ఆదర్శ దీపసేద్య కేంద్రంగా ప్రకటిస్తున్నాం. ఆదర్శ కేంద్రంలో బట్టల తాళ్ళేమిటి? ఏ దీపం సముచితమో శాస్త్రీయంగా ఎంపిక చేద్దాం. కమిటీ వేయండి."

కమిటీ పడింది. అధ్యక్షులు నరహరిగారు. సభ్య కార్యదర్శి ప్రభంజనంగారు. రంగులతో వ్యవహారం కాబట్టి రంగుల నిపుణులుగా రిటైరైన డ్రాయింగ్ మాస్టారు సుదర్శనంగారు. హాస్టల్ తరఫున వనజ మేడం, టీ చూసుకోవడానికి. కరెంటు పని చేసే యాకూబ్‌ని తీసుకోలేదు. దీపం బిగించేవాడు దీపం ఎంపికలో కూర్చుంటే పక్షపాతం వస్తుందట. పోసక్క సంగతి ఎవరికీ తట్టలేదు, కాబట్టి దానికి కారణం కూడా రాయలేదు.

అయినా హాస్టల్లోనే పెట్టిన ఆ సమావేశానికి ఆమె వెళ్ళింది. టీ కప్పులు మొయ్యాలి కదా.

బల్ల మీద మూడు ట్యూబులు. సన్న తెల్లది, లావు పసుపుది, రెంటికీ మధ్యరకం ఒకటి. సుదర్శనం మాస్టారు మొదట మాట్లాడారు. ఆకు పచ్చనిది, కాబట్టి పచ్చ దీపం వేస్తే ఆకు మరింత పచ్చబడుతుందన్నారు. వినడానికి ఎంత సొంపుగా ఉందంటే అందరూ తలలూపారు. పచ్చ ట్యూబు దొరకదని యాకూబ్ గుమ్మం దగ్గరనుంచి చెప్పి వాళ్ళని కాపాడాడు.

"మరి పరీక్ష ఎట్లా?" అన్నారు నరహరిగారు.

"నిబంధన స్పష్టం సార్," అన్నారు ప్రభంజనంగారు. "నలభై అయిదేళ్ళు దాటిన ఉద్యోగి కళ్ళజోడు లేకుండా సర్క్యులర్ చదవగలిగితే వెలుతురు చాలినట్టు. ప్రభుత్వానికి దీపం అంటే ఫైలు చదువుకునేందుకే."

ఒక్కొక్క ట్యూబూ వేశారు. ప్రభంజనంగారు కళ్ళజోడు తీసి, ఎలుకల నిర్మూలన సర్క్యులర్ మూడుసార్లు పైకి చదివారు. తెల్ల ట్యూబు కింద కళ్ళు చికిలించారు. మధ్యరకం కింద దగ్గారు. లావు పసుపు ట్యూబు కింద మాత్రం "ఎలుకల బెడద" అన్న మాటని ఎంతో తృప్తిగా పలికారు.

"కంటికి హాయిగా ఉంది," అన్నారు నరహరిగారు.

పోసక్క కప్పులు కింద పెట్టేసింది. "సారూ, ఆ పసుపుది నేను పెట్టి చూసిన. దానికి సత్తువ లేదు. మొక్క దారం లెక్క సాగి పడిపోతది. ఆ తెల్లదే ఉంచున్రి. పాలకూర సదువుకోదు సారూ, తింటది. ఎలుతురే దాని బువ్వ."

"చదువుకునే పిల్లల హాస్టల్లోనే కదమ్మా పెరుగుతున్నది," అన్నారు ప్రభంజనంగారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

మినిట్స్ ఇలా రాశారు: "కూలంకష పరీక్షానంతరం పసుపు వర్ణ దీపము ఏకగ్రీవముగా ఎంపిక చేయబడినది. మొక్కల నుండి ఎట్టి అభ్యంతరమూ అందలేదు."

మర్నాడు యాకూబ్ బట్టల తాళ్ళు కోసి, తెల్ల ట్యూబులు దించి ఆఫీసుకి అప్పజెప్పి, పసుపు ట్యూబులు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున వరసగా బిగించాడు. దిగి, కింద తొట్లని చూసి, పైన దీపాల్ని చూసి, తల గోక్కున్నాడు.

"అక్కా, ఇదేందో పిల్లను బాయిల పెట్టి పాలసీసా గట్టు మీద పెట్టినట్టున్నది."

"నాకేమెరుక తమ్మీ. నలుగురు పెద్దమనుషులు కూసొని జేసిండ్రు."

పదిరోజుల్లో పాలకూర కొంగమెడలు సాచింది. తెల్లగా, సన్నగా, వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ లేచి లేచి, మోయలేక పక్కకి పడిపోయింది. గురువారం పప్పులో కూర లేదు. పిల్లలు గరిటెతో గిన్నె అడుగున కలిపి చూశారు. పోసక్క వాళ్ళ మొహాలు చూడలేక పొయ్యి వైపు తిరిగింది. ఆ మధ్యాహ్నమే దరఖాస్తు రాసింది. అక్షరాలు వంకరే గానీ మాట తిన్ననిది: దీపాలు కిందకి దించండి.

జవాబు వారంలో వచ్చింది. ప్రభంజనంగారు స్వయంగా తెచ్చారు, ఎందుకంటే ఆయనకి సమస్య పరిష్కారమైందన్న సంతోషం ఉంది.

"చూడమ్మా పోసక్కా, దీపం కిందకు వచ్చే ప్రశ్నే లేదు. అయితే నేను మొత్తం నిబంధనలు తిరగేశాను. మొక్క ఎంత ఎత్తున ఉండాలో ఎక్కడా లేదు. మొక్కకి పూర్తి స్వేచ్ఛ ఉంది. కాబట్టి..." ఆయన చూపుడువేలు పైకెత్తారు. "మొక్కే పైకి వెళ్ళొచ్చు!"

హాస్టల్ భోజనశాలలో బల్లలు ఆరు. ఆరూ స్టోర్ రూముకి వెళ్ళాయి. వాటి మీద బెంచీలు, బెంచీల మీద స్టూళ్ళు, స్టూళ్ళ మీద తొట్లు. పిల్లలు నేల మీద కూర్చుని తిన్నారు. కంచాలు కింద, తొట్లు పైన. పోసక్క నీళ్ళ బిందెతో నిచ్చెన ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. యాభై రెండేళ్ళ మోకాళ్ళు. నాలుగోసారి దిగేసరికి కింద ప్రభంజనంగారు హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరడుగులు దాటి ఎక్కితే హెల్మెట్ తప్పనిసరి అట. గనిలోంచి ఒకటి అడిగి తెచ్చారు, నుదుట దీపంతో సహా.

"ఈ దీపమన్న కూర దగ్గరికి పోవచ్చునా సారూ?" అని అడిగింది పోసక్క, నెత్తిన పెట్టుకుంటూ.

ఆయన ఆలోచించారు. "అది భవనానికి అమర్చిన దీపం కాదు. నీకు అమర్చిన దీపం. వెళ్ళొచ్చు."

నవ్వాలో ఏడవాలో తెలీక ఆమె నిచ్చెన మొదటి మెట్టు మీదే ఆగింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: పాలకూర కోలుకుంది. పసుపు ట్యూబే అయినా, నాసిరకం వెలుతురే అయినా, ఆకులకి దగ్గరగా చేరింది. మెడలు సర్దుకుని, కాస్త కాస్త ఆకు వేసింది. సోమవారం పప్పులో మళ్ళీ పచ్చటి తునకలు కనిపించాయి. సగం పంట. సగమైనా పంట. పోసక్క నెత్తి మీద హెల్మెట్ మర్చిపోయి అలాగే వడ్డించింది. పిల్లలు ఆమె నుదుటి దీపం వెలుతుర్లో పప్పు కలుపుకున్నారు.

ఇంతలో నరహరిగారు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు.

"పాలకూర ఎక్కడ?"

"పైనున్నది సారూ."

"ఎక్కడ పైన?"

"ఇంకా పైన."

ఆయన పొట్టి మనిషి. కాలివేళ్ళ మీద లేచారు. తొట్టి అడుగుభాగం కనిపించింది. ఫొటోగ్రాఫర్ స్టూళ్ళ కాళ్ళని నాలుగు ఫొటోలు తీశాడు. నరహరిగారి మొహం వాడిపోయింది, ధ్యానం నాడు పిల్లలు గురకపెట్టినప్పటిలాగే.

"కంటికి కనిపించని పంటని నేను ఆదర్శమని ఎట్లా నమ్మించను?"

"అధికారి కంటి ఎత్తున తనిఖీ జరగవలెను అని ఉన్నది సార్," అన్నారు ప్రభంజనంగారు. "పంట దిగదు. దీపం దిగదు. మనమే లేవాలి."

చేలల్లో పిట్టల్ని తోలడానికి మంచె కడతారు చూశారా, అలాంటి మంచె స్టోర్ రూములో కట్టారు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మంచి టేకు చెక్కలతో. ఎక్కడానికి మెట్లు. మెట్లకి రిబ్బను. నరహరిగారు రిబ్బను కత్తిరించి, మంచె ఎక్కి, పాలకూరతో కళ్ళలో కళ్ళు పెట్టి చూశారు. చప్పట్లు. ఫొటో. నిజం చెప్పాలంటే ఆ రోజు పోసక్క కూడా చప్పట్లు కొట్టింది. మంచె మీద నిలబడి నీళ్ళు పోయొచ్చు. నిచ్చెన బాధ తప్పింది. దేవుడు వీళ్ళకి పొరపాటున ఒక మంచి బుద్ధి ఇచ్చాడనుకుంది.

అప్పుడే టేపు చప్పుడైంది. ప్రభంజనంగారు మంచె మీద మోకాళ్ళ మీద కూర్చుని కొలుస్తున్నారు.

"సార్, ప్రారంభోత్సవంతో ఇది అధికారికంగా నేలమట్టం అయింది. ఈ నేల నుంచి దీపం అయిదడుగులే ఉన్నది. నాలుగున్నర అడుగుల ఉల్లంఘన."

"అయితే?"

"దీపాలు నాలుగున్నర అడుగులు పైకి వెళ్ళాలి సార్."

యాకూబ్ పైకి చూశాడు. "సారూ, కప్పు పదకొండు అడుగులే. మీరు జెప్పిన ఎత్తు పద్నాలుగు."

"అయితే కప్పే నిబంధనకు అడ్డంగా ఉన్నదన్నమాట," అన్నారు ప్రభంజనంగారు, కప్పు వైపు మందలింపుగా చూస్తూ.

పోసక్క చేతులు జోడించింది. "సారూ, మీ కాల్మొక్త, గా మంచె తీసేస్తే అయిపాయె గద! నేను నిచ్చెన మీదనే ఎక్కుత. దుమ్ము వస్తదనే ఈ గది అడిగిన. కప్పు తెరిస్తే ఇంకేమున్నది?"

"ప్రారంభోత్సవం అయిన కట్టడాన్ని తొలగించాలంటే వేరే కమిటీ కావాలమ్మా," అన్నారు నరహరిగారు, నిజంగానే బాధపడుతూ. "కప్పుకి ప్రారంభోత్సవం జరిగినట్టు రికార్డు ఉందా ప్రభంజనంగారూ?"

"లేదు సార్."

"అయితే కప్పు తీసేయొచ్చు."

కప్పుకి నలుపలకలుగా చిల్లి పెట్టారు. డాబా మీద ఇనుప గుంజలు పాతి, మూడడుగుల ఎత్తున ట్యూబులు బిగించారు. పగలు ఎండలో ట్యూబులు వెలిగాయి. పిచ్చుకలు వచ్చి వాటి మీద వాలి ఇదేమిటా అని చూసి పోయాయి. మధ్యాహ్నం రెండింటికి గనిలో బాంబు పేలింది. ఇన్నేళ్ళూ ఆ గది తలుపు దాటలేకపోయిన దుమ్ముకి తలుపు అక్కర్లేకపోయింది. తిన్నగా పైనుంచి దిగింది, పన్నెండు తొట్లలో సమానంగా పంచుకుని కూర్చుంది. మూడోరోజుకి పాలకూర నల్లబడింది. నీళ్ళు నల్లబడ్డాయి. పోసక్క ఒక్కో ఆకునీ తడిగుడ్డతో తుడిచింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు. పన్నెండో తొట్టి తుడిచేసరికి మొదటి తొట్టి మళ్ళీ నల్లగా ఉంది.

ఆమె గుడ్డ పడేసింది. ఒక తొట్టి నెత్తికెత్తుకుంది. బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. కండక్టర్ సామానుకి టికెట్ కొట్టబోతే ఒక్క చూపు చూసింది, అతను మానుకున్నాడు. కమిటీ కూర్చుని ఉండగా తలుపు తోసుకుని వెళ్ళి, నరహరిగారి బల్ల మీద, ఫైళ్ళ మీద, ఆ నల్లటి పాలకూర తొట్టిని దభీమని దించింది.

"తినున్రి."

నల్లనీళ్ళు ఫైళ్ళలోకి ఇంకాయి. వనజ మేడం తల వంచుకుంది.

నరహరిగారు ఆకు ఒకటి తెంపి చూశారు. వేలికి మసి అంటింది. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ముందే చెప్పాం, మంచివాళ్ళు.

"పొరపాటు జరిగిందమ్మా. ఒప్పుకుంటున్నాను. కప్పు మూయిస్తాను. నిబంధనకి మినహాయింపు నేనే రాస్తాను. చెప్పు, దీపం ఎంత ఎత్తున ఉండాలి?"

పోసక్క ఇన్ని నెలల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. చెయ్యి చాచి, బొటనవేలు ఆకు మీద ఆనించి, చిటికెనవేలు పైకి లేపింది. "ఆకు మీద జానెడు సారూ. గంతే."

నరహరిగారు కలం తీశారు. రాయబోయి ఆగారు.

"ఎవరి జాన?"

"ఏంది సారూ?"

"జాన ప్రామాణికమైన కొలత కాదు కదా," అన్నారు ప్రభంజనంగారు, మెల్లగా ప్రాణం లేచొస్తూ. టేపు బయటికి వచ్చింది. వనజ మేడం తప్ప కమిటీ మొత్తం చేతులు చాచింది. నరహరిగారిది ఏడున్నర అంగుళాలు. ప్రభంజనంగారిది తొమ్మిది. సుదర్శనం మాస్టారిది పదికి దగ్గర, కుంచె పట్టిన చెయ్యి కదా అన్నారాయన గర్వంగా. పోసక్క చెయ్యి కొలవలేదు. ఆమె కమిటీలో లేదు.

"సగటు తీద్దాం," అన్నారు నరహరిగారు. "ఆ ఎత్తుకి శాశ్వతంగా బిగించేద్దాం."

"శాశ్వతంగ ఎట్ల బిగిస్తరు సారూ? ఆకు పెరుగుతది గద. అది లేచిన కొద్ది దీపం జరుపుకుంట పోవాలె."

కలం మళ్ళీ ఆగింది. ఈసారి బల్ల మీద పడింది.

"అంటే దీపం ఎత్తు రోజూ మారుతుందా?"

"మారుతది."

"రోజుకో ఉత్తర్వా!" అన్నారు ప్రభంజనంగారు. ఆ గొంతులో భయం ఉంది, కాస్త ఆశ కూడా ఉంది.

సాయంత్రానికి తీర్మానం టైపయింది: "పాలకూర అంతిమముగా ఎంత ఎత్తు పెరుగునో ఖరారైన మీదట దీపము ఎత్తు ఖరారు చేయబడును. అంతవరకు ఉల్లంఘనలకు తావు లేకుండా సదరు గదికి తాళము వేయబడును." తాళంచెవి ప్రభంజనంగారి దగ్గర ఉంది. పెరగడానికి వీల్లేకుండా తాళం వేసిన గదిలో పాలకూర ఎంత ఎత్తు పెరుగుతుందో తేలాలని కమిటీ ఎదురుచూస్తోంది.

అది నిన్నటి మాట. ఇవాళ పదిహేడో తారీకు, గురువారం. హాస్టల్లో క్యాబేజీ వండారు. పోసక్క వడ్డించింది. ఒక పిల్ల "అక్కా, ఆకుపప్పు ఇంకెప్పుడు?" అని అడిగితే గరిటె గిన్నెలో వదిలేసి బయటికి పోయింది. వచ్చే నెల పన్నెండున నర్సమ్మ వస్తుందని నోటీసు బోర్డు మీద కాయితం అంటించి ఉంది.

పెద్దలారా, మీ సగటు జాన మీ దగ్గరే ఉంచుకోండి. విత్తనం వేసినప్పటినుంచి కోతకి ఇరవై అయిదు రోజులు పడుతుంది. పాలకూర మీ తీర్మానం కోసం తొందరపడదు, మీ సెలవుల కోసం ఆగదు. కాబట్టి ఇవాళే, సాయంత్రం టీ కంటే ముందు, ఈ పనులు చెయ్యండి. ఆ మంచె పీకి, ఆ చెక్కలతోనే కప్పు చిల్లి మూయండి. పసుపు ట్యూబు మీ ఆఫీసులో పెట్టుకుని ఎలుకల సర్క్యులర్ చదువుకోండి. తెల్ల ట్యూబులు వెనక్కివ్వండి. బల్లలు పిల్లలకి ఇచ్చేయండి. తర్వాత ప్రభంజనంగారు నల్లబండ బస్సెక్కి, తాళంచెవి తీసుకొచ్చి, దుర్గం పోసక్క చేతిలో పెట్టాలి. ఆ చెయ్యి కొలవకూడదు. సంతకం అడక్కూడదు. పెట్టి, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళిపోవాలి.